పిల్లి ఇంట్లో నీళ్లెవరు పోశారు

నేను చదివింది ఎనిమిదో తరగతి, అదీ సగమే. మిగతా సగం బడి గోడ అవతల గడిచింది. అందుకని నాకు సైన్సు రాదు గానీ అనుమానించడం బాగా వచ్చు. ఫ్రిజ్జులు బాగుచేసేవాడికి అసలు పనిముట్టు అదే. ‘నేనేం జెయ్యలేదన్నా, దానంతటదే ఆగిపోయింది’ అని ఎవరైనా అన్నారంటే, లోపలి మంచును కూరగాయల కత్తితో పొడిచి గ్యాసు పైపుకు చిల్లు పెట్టి వచ్చారని అర్థం. ఇన్నేళ్లలో ఒక్కరు కూడా నాకు నిజం చెప్పలేదు. వాళ్లకన్నా ఫ్రిజ్జులు నయం, వెనక రేకు విప్పితే చెప్పేస్తాయి.

అలాంటివాడు కట్టిన పిల్లి ఇంట్లో ఎవరో నీళ్లు పోస్తుంటే ఎలా ఊరుకుంటాడు?

పిడుగురాళ్లలో మా ఇల్లూ షాపూ ఒకటే. ముందుగదికి షట్టర్ బిగించి షాపు చేశాను. వెనక గదుల్లో నేనూ మా అమ్మా ఉంటాం. పెళ్లి సంగతి మా అమ్మను అడగండి, ఆమె దగ్గర బోలెడు సమాధానాలున్నాయి. వీధి చివర సున్నపు బట్టీలు. చలికాలం వస్తే మా పేటలో కుక్కలూ పిల్లులూ అన్నీ బట్టీల దగ్గరికే చేరతాయి. కాల్చి తీసిన రాయి కుప్పల పక్కన వెచ్చగా ఉంటుంది. అయితే అది సున్నం. తెల్లవారుజామున మంచు పడి తడిసిందంటే పొగలు కక్కుతూ ఉడుకుతుంది. వెచ్చదనం కోసం వెళ్లిన ప్రాణికి ఆ తేడా తెలిసేసరికి పాదాలు కాలి ఉంటాయి.

మా పిల్లి అంటున్నాను గానీ అది ఎవరి పిల్లీ కాదు. చేపలు కడిగే రోజు మా పిల్లి, మిగతా రోజుల్లో దాని ఇష్టం. బూడిదరంగు ఒళ్లు, ఎవరి మీదా నమ్మకం లేని ముఖం. అందుకే నాకు నచ్చింది. కిందటేడు చలికాలంలో అది బట్టీ పక్కన ఈనింది. ఒకరోజు పొద్దున్నే కుంటుకుంటూ ఇంటికొచ్చింది. పిల్లలు రాలేదు. అమ్మ దాన్ని ఒళ్లో వేసుకుని కాలిన పాదాలకు కొబ్బరినూనె రాసింది. రాస్తున్నంతసేపూ అది బట్టీల వైపు చూసి అరుస్తూనే ఉంది. ఆ అరుపు మా అమ్మ చెవుల్లోనుంచి ఏడాదంతా పోలేదు. మొన్న చలి మొదలయ్యే రోజుల్లో దాని పొట్ట మళ్లీ దిగి ఉండటం చూసి, అమ్మ నేను పనిచేసుకుంటున్న చోటికి వచ్చి నిలబడింది.

“ఒరేయ్, ఇది మళ్లీ బట్టీకాడికి పోద్ది. పోకుండా దీనికి వెచ్చంగా ఒక ఇల్లు గట్టు.”

“నేనే అద్దింట్లో ఉంటన్నా, పిల్లికి సొంతిల్లు గట్టాల్నా?”

“నీకు గట్టుకునే యోగం లేదు. దానికి గట్టు. ఈసారి ఒక్క పిల్ల పోయినా నా చేతి కూడు నీకు లేదు.”

మా అమ్మ బెదిరింపుల్లో చాలావరకు ఉత్తవే. ఇది ఉత్తది కాదని ఆమె గొంతులోనే తెలిసింది.

షాపు వెనక ఒక పాత సింగిల్ డోర్ ఫ్రిజ్జు పడి ఉంది. బాగుచెయ్యడం దండగని దాని యజమాని నాకే వదిలేశాడు. దాన్ని చూస్తే నాకు ఆలోచన వచ్చింది. చలిని లోపల దాచే పెట్టె వేడిని మాత్రం దాచదా? లోపలున్నది చలో వేడో, గోడల్లో నింపిన థర్మోకోల్ లాంటి ఆ నురుగు అట్టకు ఏం తెలుసు? కంప్రెసర్ పీకేశాను, అరలు తీసేశాను. పెట్టెను వెల్లకిలా పడుకోబెట్టి కింద ఇటుకలు పెట్టాను. తలుపు ఇప్పుడు పైకి వచ్చి మూత అయింది. పక్కన పిల్లి పట్టేంత గుండ్రటి దారి కోసి, టైరు ట్యూబు ముక్కను తెరలాగా వేలాడదీశాను. గాలి దూరే సందు ఎక్కడున్నా వదల్లేదు. పైపులు వచ్చే కన్నాలు, నీళ్లు కారే కన్నం, స్క్రూల కన్నాలు, అన్నింటికీ సిలికాన్ గమ్ము పూసి మూసేశాను. మూతకు కొత్త రబ్బరు కూడా వేశాను. డబ్బులిచ్చే కస్టమరుకు కూడా నేను ఎప్పుడూ అంత శ్రద్ధగా చెయ్యలేదు.

ఇక పరుపు సంగతి. మా అమ్మ పుట్టింటివాళ్లు దూది ఏకి పరుపులు కుట్టేవాళ్లు. పడక మాట వస్తే ఆమె ఎవరినీ మాట్లాడనివ్వదు. గోనెపట్టా వేద్దామన్నందుకు నన్ను చూసిన చూపుకే నేను తప్పుకున్నాను. పెట్టెలో దాచుకున్న కొత్త పత్తి దూది తీసింది, చేత్తో విడదీసింది, పాత లుంగీలో కూరి, మధ్యమధ్య కుట్లు వేసి, ఫ్రిజ్జు కొలతకు సరిగ్గా పరుపు కుట్టింది.

“నా పరుపులో దూది గడ్డలు గట్టి మూడేళ్లయింది,” అన్నాను.

“నువ్వేమన్నా పిల్లల్ని కనబోతన్నావా?” అంది.

పెట్టెను మా ఇంటి పక్క సందులో పెట్టాం. అక్కడే గొడవ మొదలైంది. సందుకు అవతలి గోడ లారీ డ్రైవరు మామది. పిడుగురాళ్లలో సున్నం ఎక్కించుకుని ఊళ్లు తిరిగే మనిషి. నేను ఆయన్ను మామా అంటాను, ఆయన భార్యను అత్తా అంటాను. మా అమ్మ ఆయన్ను తమ్ముడూ అని పిలుస్తుంది. వరసలు అంత చక్కగా ఉన్నాయి, ఒక్క పిల్లి విషయంలో తప్ప. పిల్లి ఎదురొస్తే మామ లారీ కదపడు. ఇంట్లోకి తిరిగొచ్చి, కాళ్లు కడుక్కుని, మంచినీళ్లు తాగి, కాసేపు కూర్చుని మళ్లీ బయల్దేరతాడు. మా పిల్లికి ఆ సంగతి తెలుసని నా అనుమానం. ఆయన బండి ఇంజన్ వేడెక్కే సమయానికే దానికి రోడ్డు దాటాలనిపిస్తుంది. ఒకసారి ఆయనకు ఒళ్లు మండి దాని మీద బకెట్ నీళ్లు కుమ్మరించాడు. అది నేను కళ్లారా చూశాను.

పెట్టె పెట్టిన రోజు మామ గోడ మీదుగా తొంగి చూశాడు.

“ఏంది అల్లుడూ, తెలంగాణ మందు సరుకు దింపావా?”

“పిల్లికి ఇల్లు మామా.”

“పిల్లికి ఫ్రిజ్జా? మా ఇంట్లోనే లేదు గదరా.”

వెనకనుంచి అత్త అంది, “అది చూస్తే శవానికి అద్దెకు తెచ్చే ఐసు పెట్టె గుర్తొస్తంది. పొద్దున్నే లేచి దాని మొకం జూడాల్నా మేము?”

వాళ్లిద్దరూ నా మాట నమ్మలేదని తెలుస్తూనే ఉంది. నేనూ వాళ్ల నవ్వును నమ్మలేదు.

పిల్లి మాత్రం పెట్టె చుట్టూ తిరిగి తిరిగి, వాసన చూసి, ఒక సాయంత్రం లోపలికి వెళ్లి మూడు పిల్లల్ని ఈనింది. అందులో ఒకటి మిగతావాటిలో సగం ఉంది. అమ్మ దాన్నే అరచేతిలోకి తీసుకుని తల్లి పొట్టకు దగ్గరగా జరిపింది.

కొన్నాళ్లు బాగానే గడిచింది. తరవాత చలి ముదిరింది. పొద్దున్నే లారీల లైట్లు తప్ప లారీలు కనిపించని పొగమంచు. తెల్లవారుజాము నమాజుకు లేచే అమ్మ, అది అయ్యాక సందులోకి వెళ్లి పిల్లల్ని తడిమి వచ్చేది. ఒకరోజు అలా వెళ్లి నన్ను లేపింది.

“పరుపు తడిసిందిరా.”

“ఉచ్చ పోసుంటాయిలే.”

“నేను నిన్ను పెంచినదాన్ని. ఉచ్చేదో నీళ్లేదో నాకు నువ్వు జెప్పాల్నా?”

వెళ్లి చెయ్యి పెట్టి చూశాను. నిజంగానే నీళ్లు. పరుపు పైభాగం తడితడిగా ఉంది, పిల్లల వీపుల మీద వెంట్రుకలు అంటుకుపోయి ఉన్నాయి. అమ్మ వేరే గుడ్డ పరిచి, పగలంతా పరుపును ఎండలో వేసి, సాయంత్రం మళ్లీ పెట్టింది. మర్నాడు మళ్లీ తడి. ఆ మర్నాడూ అంతే. చిన్నపిల్ల తుమ్మడం మొదలుపెట్టింది. దాని కళ్లు పుసులు కట్టాయి. పాలు తాగడానికి మిగతా రెండింటినీ తోసుకుని వెళ్లే శక్తి దానికి తగ్గిపోతోంది. అది ఇంకొన్ని తడి పొద్దులు చూస్తే ఉండదని మా ఇద్దరికీ తెలుసు.

నేను పరిశోధన మొదలుపెట్టాను. మామ పొద్దున్నే లేచి ఏం చేస్తాడు? లారీ కడుగుతాడు. దేంతో? బకెట్టూ మగ్గూతో. ఎక్కడ? సందు మొదట్లో. పిల్లి మీద నీళ్లు పోసిన చరిత్ర ఎవరికుంది? ఆయనకే. ఇంకేం కావాలి? పెట్టె పైన, చుట్టూ నేల మీద నీళ్లు పోసిన ఆనవాలు లేదు. దానికీ నేను సమాధానం కనిపెట్టాను. పైన పోస్తే దొరికిపోతాడని ట్యూబు తెర ఎత్తి మగ్గుతో లోపలికే పోస్తున్నాడు. లారీ డ్రైవరు గదా, చెక్‌పోస్టులు దాటే తెలివి ఉంటుంది.

బ్రష్ నోట్లో పెట్టుకుని గోడ పక్కన నిలబడి ఆయన్ను గమనించాను. ఆయన టైర్లు కడుగుతూ నన్ను గమనించాడు.

“ఏంది అల్లుడూ, పళ్లు అరిగిపోయేదాకా తోముతన్నావు?”

“నీళ్లు బాగా వాడతన్నావు మామా.”

“బోరు నాది, నీళ్లు నావి. నీకేంది?”

“నీళ్లు నీవే. యాడ పోస్తన్నావనేదే సంగతి.”

ఆయన మగ్గు దించి నన్ను తేరిపార చూశాడు. తప్పు చేసినవాడి చూపులాగే అనిపించింది. ఇప్పుడు ఆలోచిస్తే, పొద్దున్నే నోట్లో నురగతో ఒకడు గోడ మీదనుంచి చూస్తుంటే ఎవరి చూపైనా అలాగే ఉంటుంది.

అమ్మది వేరే పద్ధతి. ఆమె మనుషుల్ని ఏమీ అనదు, పిల్లితో మాట్లాడుతుంది. ఆ పూట సందులో కూర్చుని, తడిసిన పరుపు పిండుతూ, గొంతు పెంచి పిల్లితో చెప్పింది.

“ఏమే, బాలింతవని కూడా చూడకుండా నీ పక్కలో నీళ్లు పోస్తన్నారే. వాళ్లింట్లో ఆడోళ్లు కనలేదా, వాళ్లకు పిల్లల్లేరా?”

గోడ అవతల గిన్నెల చప్పుడు ఆగింది. “ఎవరిని వదినా?” అంది అత్త.

“పిల్లితో మాట్లాడుకుంటన్నాలేమ్మా.”

“పిల్లి అటుందిగదా వదినా. నువ్వు మా గోడ వైపు దిరిగున్నావు.”

దాంతో మామ బయటికి వచ్చాడు. విషయం విని ముందు నవ్వాడు, తరవాత ఆ నవ్వు పోయింది. “కోటప్పకొండ సామి మీద ఒట్టు అక్కా, నేను ఆ పెట్టె దగ్గరికే రాలేదు. పొద్దున్నే దాని మొకం చూసే ధైర్యం నాకు యాడుంది?”

అమ్మ కొంచెం మెత్తబడింది. నేను మెత్తబడలేదు. ఒట్టు పెట్టుకుని అబద్ధం చెప్పే కస్టమర్లను రోజూ చూసేవాణ్ణి. పైగా ఆయన వెళ్తూ వెళ్తూ, “అందులో అసలేం పెడతన్నావో, ఎవరి మీద చేతబడి జేస్తన్నావో మాకేం దెలుసు,” అని నా మీదే వేసి పోయాడు.

ఆ సాయంత్రం నేను వల పన్నాను. పిల్లీ పిల్లలతో సహా పెట్టెను నెట్టుకుంటూ షాపులోకి తెచ్చాను. పరుపు పగలంతా ఎండింది, అమ్మ చెంపకు ఆనించి చూసి మరీ పరిచింది. షట్టర్ దించి తాళం వేశాను. ఇంట్లోకి ఉండే తలుపుకు కూడా తాళం వేసి, రెండు తాళంచెవులూ మొలతాడుకు కట్టుకుని పడుకున్నాను. ఇక పోయమను చూద్దాం.

పొద్దున్నే అమ్మా నేనూ కలిసి తలుపు తీశాం. అమ్మ వంగి లోపల చెయ్యి పెట్టింది. చెయ్యి బయటికి తీసి నా ముఖం ముందు పెట్టింది. తడి.

“తాళంచెవులు యాడున్నయ్యిరా?”

“నా దగ్గరే.”

“ఊఁ,” అంది. ఆ ఊఁ నాకు ఇప్పటికీ మింగుడు పడదు. కన్నతల్లి నన్ను కస్టమర్‌ను చూసినట్టు చూసింది.

“నేనెందుకు పోస్తానే? నాకేం పని?”

“అదే అడుగుతన్నా. నీకేం పని?”

కోపంతో పెట్టె మూత మొత్తం లేపాను. మూత అడుగునుంచి ఒక చుక్క నా మణికట్టు మీద పడింది. తల వంచి చూశాను. తెల్లటి ప్లాస్టిక్ నిండా చెమట పట్టినట్టు నీటి బొట్లు. వేలితో గీస్తే గీత వెంట నీరు కారింది. తల్లీ మూడు పిల్లలూ రాత్రంతా వదిలిన ఊపిరి పైకి వెళ్లి, చల్లటి మూతకు తగిలి, బొట్టు కట్టి, మళ్లీ వాటి మీదే కురుస్తోంది. బయటికి పోదామంటే దారి లేదు, కన్నాలన్నీ నేనే శ్రద్ధగా మూశాను. కిందికి జారిన నీటిని మా అమ్మ పరుపు బొట్టు పోకుండా తాగింది. ఫ్రిజ్జులో నీళ్లు వస్తున్నాయని వచ్చే ప్రతి కస్టమరుతో నేను చెప్పే మొదటి మాట, ‘ముందు కన్నం మూసుకుపోయిందేమో చూడు’ అని. ఆ మాట నాతో నేను అనుకోవడానికి మామ ఇంటి పరువు, నా తాళంచెవులు, మా అమ్మ నమ్మకం అన్నీ ఖర్చయ్యాయి.

మేమిలా నిలబడి ఉండగానే పిల్లి నిర్ణయం తీసేసుకుంది. ఒక పిల్లను మెడ దగ్గర కరుచుకుని నా కాళ్ల మధ్య నుంచి దూరి ఇంట్లోంచి బయటికి పరుగెత్తింది. గోడెక్కి మామ పెరట్లోకి దూకింది. కాసేపటికి వచ్చి రెండోదాన్ని పట్టుకుపోయింది. మూడోదాని కోసం మాత్రం రాలేదు. అమ్మ చిన్నపిల్లను కొంగులో చుట్టి ఒంటికి హత్తుకుని వాకిట్లో కూర్చుంది. పొద్దెక్కుతున్నా అది రాలేదు.

“దీనికి పాలు గావాలి. తల్లి దగ్గరికి జేర్చు. లేదంటే ఈ రాత్రి గడవదు,” అంది అమ్మ నన్ను చూడకుండా.

నిన్న దొంగను చేసిన మనిషి ఇంటికి ఇవాళ వెళ్లాలి. వెళ్లాను. అత్త పెరట్లో గేదెకు గడ్డి వేస్తోంది.

“మా పిల్లి ఇటొచ్చింది అత్తా.”

“వచ్చిందా, నువ్వే దోలావా? మా గడ్డివాములో దూరింది. మీ మామ ఈ సాయంత్రం లోడుకు పోవాల. గుమ్మంలోనే పిల్లిని పెట్టావు, నిన్నటి దానికి ఇదా నీ జవాబు?”

మామ అప్పటికే చొక్కా వేసుకుని మంచం మీద కూర్చుని ఉన్నాడు. “పిల్లి లోపలుంటే నేను బయటికెట్టా పోవాల? దాన్ని దీసుకుపో. చీకటి పడకముందే దీసుకుపో.”

నేను వాము దగ్గర మోకాళ్ల మీద కూర్చున్నాను. గేదె కోసం గడ్డి లాగిన చోట చిన్న గుహలాగా అయింది. అందులో పిల్లి రెండు పిల్లలకూ పాలిస్తోంది. చెయ్యి పెట్టాను, పిల్లి గీరింది, అయినా పెట్టాను. గడ్డి పొడిగా ఉంది, వెచ్చగా ఉంది. బయట కొసలకు మంచు తడి ఇంకా ఉంది, లోపల లేదు. తడి గడ్డి సందుల్లోంచి కిందికి దిగిపోయి, వేడి మాత్రం ఉండిపోయింది. దూది చెయ్యలేని పని అది చేస్తోంది. ఈ మాట మా అమ్మతో ఎలా చెప్పాలా అన్నదే నా భయం.

“మామా, నీళ్లు పోసింది నువ్వు కాదు,” అన్నాను.

“ఆ సంగతి నాకు ముందే దెలుసు,” అన్నాడాయన. “మరెవరంట?”

“పిల్లులే. ఊపిరితో.”

ఆయన భార్య వైపు చూశాడు. నేను ఇంకో కథ అల్లుకొచ్చాననుకున్నట్టున్నాడు. నమ్మించే తీరిక నాకు లేదు. “అత్తా, రెండు మోపుల గడ్డి ఇయ్యి. చీకటి పడకముందే అన్నింటినీ తీసుకుపోతా. లేదంటే మీ వాములోనే కాపురం.”

అత్త గడ్డి ఇచ్చింది. ప్రేమతో కాదు, పీడ వదిలితే చాలని. నేను డ్రిల్లింగ్ మిషన్ తీసి పెట్టె పైఅంచు కింద వరసగా కన్నాలు కొట్టాను, అడుగున మూసిన కన్నాన్ని పొడిచి తెరిచాను, నీరు అటే జారేలా ఒక పక్క ఇటుక ఎక్కువ పెట్టాను. మూత లోపల నురుగు అట్ట ఇంకొకటి అతికించాను. పరుపు తీసేస్తుంటే అమ్మ వచ్చి నా చెయ్యి పట్టుకుంది.

“గడ్డి పశువులకు ఏస్తారు.”

“పిల్లే పోయి గడ్డిలో పండిందమ్మా. నేను జెప్పలా, అది జెప్పింది.”

ఆమె కొంగులోని పిల్లను చూసుకుంది. అది నోరు తెరిచింది గానీ శబ్దం రాలేదు. అమ్మ పరుపును తనే లాగి బయట పడేసింది.

పెట్టెను మళ్లీ సందులోకి చేర్చి రెండు పిల్లల్నీ తెచ్చి గడ్డిలో పెట్టాం, వాటి మధ్య చిన్నదాన్ని దూర్చాం. పిల్లి మా వెనకే వచ్చింది. పెట్టెను చూసింది. లోపలికి పోలేదు. ప్రతి కన్నానికీ ముక్కు పెట్టి చూసింది, ఇటుకలను వాసన చూసింది, నన్ను చూసింది. లోపల పిల్లలు అరుస్తున్నాయి. గోడ మీదనుంచి మామా అత్తా చూస్తున్నారు, ఇటు మేం చూస్తున్నాం. ఆ సందులో ఆ సాయంత్రం ఒకరినొకరు నమ్మినవాళ్లు ఎవరూ లేరు. పిల్లి చాలాసేపటికి తల లోపల పెట్టింది, బయటికి తీసింది, మళ్లీ పెట్టింది. తరవాత తోక కూడా లోపలికి పోయింది. అరుపులు ఒక్కొక్కటే ఆగాయి.

మామ గోడ దిగి లారీ ఎక్కబోతూ, ఎందుకైనా మంచిదని వెనక్కి వచ్చాడు. ట్యూబు తెర వేలితో ఎత్తి, అది లోపలే పడుకుందని రూఢి చేసుకుని, అప్పుడు బండి కదిపాడు. ఆ తరవాత ప్రతి ట్రిప్పుకూ అలాగే చూసి పోతున్నాడు. గడ్డి పలచబడితే తనే తెచ్చి కూరుతున్నాడు కూడా. వెచ్చగా ఉంటే పిల్లి బయటికి రాదని ఆయన లెక్క. ఆయన వెళ్లగానే నేను ఆ గడ్డిలో ఏం కూరాడో చెయ్యి పెట్టి చూస్తుంటాను.

గడ్డి పరిచిన మర్నాడు పొద్దున్నే మంచులో అమ్మ నాకన్నా ముందే పెట్టె దగ్గరుంది. చెయ్యి పెట్టలేక నిలబడి ఉంది. నేను పెట్టాను.

“పొడిగా ఉంది,” అన్నాను.

“పిల్ల?”

“పాలు తాగతంది.”

“ప్రమాణకంగా?”

“నువ్వే చూడు.”

అమ్మ మోకాళ్ల మీద కూర్చుని, మోచేతిదాకా చెయ్యి లోపల పెట్టి, తడుముతూ ఉండిపోయింది. పిల్లి గుర్రుమంది. అమ్మ చెయ్యి తియ్యలేదు. ఆ మసక వెలుతురులో ఆమె ముఖం నాకు సరిగా కనపడలేదు. కాసేపటికి, “పో, టీ పెట్టు,” అంది.